పది నెలల ముందే రాసిన రాజీనామా

నేను ఒక రాజీనామా ఉత్తరాన్ని. పై అధికారితో మాటా మాటా పెరిగో, ఉద్యోగం మీద విసుగు పుట్టో, పక్క ఊళ్ళో ఇంతకంటే మంచి పని దొరికో మా జాతి ఉత్తరాలు పుడుతుంటాయి. నా పుట్టుక అలాంటిది కాదు. నన్ను రాసినావిడ ఆ రోజే ఉద్యోగంలో చేరింది. ఆవిడ చేరిక కాగితం, నేను ఒకే బల్ల మీద, ఒకే పెన్నుతో, అయిదు నిమిషాల తేడాతో పుట్టాం. దాని మీద జూన్ 12, 2003 అని ఉంది. నా మీద ఏప్రిల్ 23, 2004 అని ఉంది. లోకంలో అందరూ పుట్టిన రోజు నుంచి వయసు లెక్కపెట్టుకుంటారు. నేను మాత్రం పుట్టడానికి ఇంకా పది నెలలుందని నుదుట రాయించుకుని పుట్టాను.

కందుకూరులో పొగాకు వేలం జరిగే చోటికి వెళ్ళే రోడ్డు మీద ఒక ప్రైవేటు హైస్కూలు ఉండేది. పేరు చెప్పను. ఇప్పుడా బోర్డు కూడా లేదు. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజున కరస్పాండెంటు చెంచురామయ్య గారి గది ముందు టీచర్లు వరసగా నిలబడేవారు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళడం, రెండు తెల్లకాగితాలు తీసుకోవడం, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం పెట్టడం. మొదటి కాగితం ఉద్యోగంలో చేరుతున్నట్టు. రెండోది ఆ ఏడాది చివరి పనిదినాన ఉద్యోగం మానేస్తున్నట్టు. అలా రాబోయే రోజు తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకుంటే జూన్‌లో కావలసిన వాళ్ళని మళ్ళీ చేర్చుకోవచ్చు. అక్కర్లేని వాళ్ళకి వాళ్ళ చేతిరాత వాళ్ళకే చూపించి పంపించెయ్యవచ్చు. తీసేశారన్న మాట బడికి రాదు.

చెంచురామయ్య గారు దుర్మార్గులని నేననను. నా జీవితంలో ఎక్కువ భాగం ఆయన బీరువాలోనే గడిచింది, ఆయన మాటలు వినీ వినీ నాకాయన సంగతి కొంత తెలుసు. ఎప్పుడో ఒక సైన్సు మాస్టరు పదో తరగతి పరీక్షలు నెల్లాళ్ళున్నాయనగా చెప్పాపెట్టకుండా ఒంగోలు వెళ్ళిపోయాడట. ఆ దెబ్బతో ఆయనకి మనుషుల మాట మీద నమ్మకం పోయింది, కాగితం మీద గురి కుదిరింది. కాగితం ఎక్కడికీ లేచిపోదు కదా. తనకు తెలిసిన వకీలుని అడిగి ఒక నమూనా రాయించుకుని, దాన్ని అట్టకి అంటించి పెట్టుకున్నారు. ఏటా దాన్ని చూసి టీచర్లకి చెప్పి రాయించేవారు.

"రాయమ్మా. 'నేను పూర్తి ఆరోగ్యంతో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా...'"

రాస్తున్నావిడ పేరు శేషుకుమారి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెప్పేది. ఇరవై ఏడేళ్ళు ఉంటాయి. నాలుగేళ్ళుగా ఆ బళ్ళోనే పని చేస్తూ, ఏటా జూన్‌లో కొత్తగా చేరుతున్నట్టే రాసిస్తోంది, కాబట్టి ఈ తంతు ఆవిడకి కొత్త కాదు. అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉంటాయి. రాస్తున్నది ఏదైనా సరే అర్థమయ్యేదాకా వదిలిపెట్టని మనిషి.

పెన్ను ఆపి అడిగింది. "సార్, పూర్తి ఆరోగ్యంతో అని ఎందుకండీ?"

"రేపెవరైనా జ్వరంలో ఏదో రాసిచ్చానంటే? అందుకని. రాయి. 'ఈ రోజు ఉదయం పది గంటలకు తమ ఆఫీసుకు స్వయంగా వచ్చి ఈ రాజీనామా తమ చేతికి అందజేస్తున్నాను.'"

"ఈ రోజు అంటే..."

"అంటే ఆ రోజు. పైన తేదీ వేస్తున్నావుగా!" అని ఆయన నవ్వారు. ఆవిడా నవ్వి సంతకం పెట్టింది. పెట్టకపోతే మొదటి కాగితం చెల్లదని ఆవిడకి తెలుసు. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆ బీరువాలోనే ఉన్నాయనీ తెలుసు.

నన్ను అందుకున్న మనిషి గుమాస్తా మస్తాన్‌వలీ. యాభై దాటిన మనిషి. పద్నాలుగేళ్ళుగా ఆ ఆఫీసులో ఫీజు రసీదులు రాయడం, రిజిస్టర్లు నింపడం, బీరువా తాళాలు నడుముకి కట్టుకుని తిరగడం ఆయన పని. పందొమ్మిది మంది ఉత్తరాలనీ ఒక కట్టగా కట్టి, ఆయన మమ్మల్ని పై అరలో పెట్టాడు. పెడుతూ ఉసూరుమన్నాడు. ఆ నిట్టూర్పు ఏటా ఉండేదని పాత ఫైళ్ళు నాకు చెప్పాయి.

బీరువాలో కాలం మెల్లగా నడుస్తుంది. తలుపు తెరిచినప్పుడల్లా బయటి మాటలు కాసిని లోపలికి వచ్చేవి. దసరా సెలవులు ఇచ్చారనీ, తొమ్మిదో తరగతి గదిలో రేకు ఎగిరిపోయిందనీ, పదో తరగతి వాళ్ళకి శేషుకుమారి టీచరు ఆదివారాలు కూడా వచ్చి క్షేత్రగణితం చెబుతోందనీ ఇలాగే విన్నాను. ఒకరోజు ఆవిడ ఆఫీసు గదికి వచ్చి చాలా నెమ్మదిగా ఒక మాట చెప్పింది. తనకి ఏప్రిల్ నెలాఖర్లో కాన్పు. ఏప్రిల్ పదో తారీఖు నుంచి జూలై దాకా సెలవు కావాలి. మధ్యలో వేసవి సెలవులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి పిల్లలకి పెద్దగా ఇబ్బంది ఉండదు. పాఠాలన్నీ ఫిబ్రవరికే పూర్తి చేసేస్తుంది. దరఖాస్తు కూడా తెచ్చింది.

చెంచురామయ్య గారు దరఖాస్తు చదివారు. "చూద్దాంలేమ్మా," అన్నారు.

ఆయన చూద్దాం అన్నారంటే కాదన్నట్టేనని మస్తాన్‌వలీకి తెలుసు. ఆవిడ వెళ్ళేటప్పుడు, "మెట్ల దగ్గర జాగ్రత్తమ్మా, తడిగా ఉంది," అన్నాడు.

ఏప్రిల్ వచ్చింది. ఆవిడ చెప్పినట్టే పాఠాలు ముగించి, మంజూరు కాగితం చేతికి రాకుండానే సెలవు మీద వెళ్ళింది. ఇరవై మూడో తారీఖు శుక్రవారం, ఆ ఏడాదికి చివరి పనిదినం. నా తేదీ ఆ రోజు వచ్చింది. ఏదో జరుగుతుందని ఎదురు చూశాను. ఏమీ జరగలేదు. బీరువా తలుపు కూడా తెరుచుకోలేదు. చెంచురామయ్య గారు బడి గుర్తింపు పొడిగింపు పని మీద మూడు రోజుల ముందే హైదరాబాదు వెళ్ళారు, ఆ సాయంత్రం గానీ తిరిగి రాలేదు. వెళ్ళే ముందు ఎప్పటిలాగే మస్తాన్‌వలీకి చెప్పారు, తపాలా రిజిస్టరులో ఏప్రిల్ ఇరవై మూడు కింద ఇరవై గీతలు ఖాళీగా వదలమని. వచ్చిన కాగితాలన్నీ వచ్చిన రోజున ఎక్కించే పుస్తకం అది. ఆ ఖాళీ గీతలు మా కోసం. ఎవరిని తీసెయ్యాలనుకుంటే వాళ్ళ ఉత్తరం ఆ గీత మీదికి ఎక్కుతుంది.

మర్నాడు శనివారం. ఆఫీసులో మస్తాన్‌వలీ ఒక్కడే ఉన్నాడు, బీరువా సర్దుతున్నాడు. శేషుకుమారి భర్త మాల్యాద్రి వచ్చాడు. అతను మోటార్లకి వైండింగ్ చేసే మనిషి, వేళ్ళకి ఎప్పుడూ నల్లటి నూనె మరకలు ఉండేవి. ఆ రోజు మాత్రం చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు.

"ఆడపిల్ల, మస్తాన్ గారూ! నిన్న పొద్దున ఆపరేషన్ చేశారు. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు, నా ప్రాణం పోయిందనుకోండి. ఇప్పుడిద్దరూ బాగున్నారు."

"అల్లా దయ," అన్నాడు మస్తాన్‌వలీ. మాల్యాద్రి ఇచ్చిన మైసూరుపాకు ముక్క తినేసి, చేతులు తుడుచుకుని, ఇంకో ముక్క అడిగి మరీ తీసుకున్నాడు. ఆయన అడిగి ఏదైనా తీసుకోవడం అంతకు ముందు నేను చూడలేదు.

మే నెల మొదటి వారంలో చెంచురామయ్య గారు కట్ట దించమన్నారు. ఒక్కొక్క ఉత్తరమే తిప్పుతూ నా దగ్గర ఆగారు.

"ఈవిడది ఎక్కించు. లెక్కలకి కావలి నుంచి ఒకతను వస్తానంటున్నాడు. పెళ్ళి కూడా కాలేదు, సెలవుల గొడవ ఉండదు."

మస్తాన్‌వలీ నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఆయన బొటనవేలు నా మీద తేదీ ఉన్నచోట ఆగింది. చదివాడు. కింద ఉన్న వాక్యం కూడా చదివాడు, పూర్తి ఆరోగ్యంతో, ఉదయం పది గంటలకు, స్వయంగా వచ్చి. ఆయనకి అంతా ఒక్కసారిగా తెలిసిపోయిందని నాకు ఆ వేలు చెప్పింది. ఒక్క మాటంటే చాలు. "సార్, ఆ రోజావిడ ఆసుపత్రిలో ఉంది," అంటే చాలు. చెంచురామయ్య గారు జాగ్రత్తపడతారు, వేరే దారి వెతుక్కుంటారు, వకీలు ఇంకో నమూనా రాసిస్తాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన్ని అలాంటి పొరపాట్ల నుంచి కాపాడుతూ వచ్చిన మనిషి మస్తాన్‌వలీయే.

"ఏమయ్యా, ఏం ఆలోచిస్తున్నావ్?"

"ఏం లేదు సార్. కళ్ళజోడు తుడుచుకుంటున్నాను."

తుడుచుకున్నాడు. రిజిస్టరు తెరిచి, ఖాళీ గీత మీద రాశాడు. ఏప్రిల్ 23. శేషుకుమారి, లెక్కల టీచరు. రాజీనామా. స్వయంగా అందజేసినది. ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఒక మనిషి మౌనంగా ఉండడానికి అంత బలం కావాలని నాకు అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం బీరువాకి తాళం వేసి, సరిగా పడిందో లేదోనని మూడు సార్లు లాగి చూశాడు. ఇంటర్ చదివే కూతురు ఉన్న మనిషి, ఉద్యోగం పోతే ఏమవుతుందో లెక్క తెలియనివాడు కాదు.

జూన్ పద్నాలుగున బడి తెరిచారు. శేషుకుమారి యాభై రోజుల బిడ్డని భుజానేసుకుని, మాల్యాద్రి స్కూటరు వెనక కూర్చుని వచ్చింది. సెలవు మంజూరు కాగితం తీసుకుని జూలై దాకా ఇంట్లో ఉందామని ఆవిడ ఆలోచన. వరండాలో నడుస్తుంటే పదో తరగతి గదిలోంచి కొత్త గొంతు ఒకటి, త్రిభుజంలో మూడు కోణాల మొత్తం, అంటూ వినపడిందట. అక్కడే ఆగిపోయిందట. ఇదంతా ఆవిడ ఇంట్లో చెబుతుంటే విని, నా జిరాక్సు కాపీ తర్వాత నాకు చెప్పింది. దాని సంగతి ఇప్పుడే వస్తుంది.

"సార్, నా క్లాసులో ఎవరండీ?"

"కొత్త మాస్టరమ్మా. నువ్వు మానేశావుగా!"

"నేనెప్పుడు మానేశానండీ?"

చెంచురామయ్య గారు మస్తాన్‌వలీ వైపు చెయ్యి చాపారు. మస్తాన్‌వలీ నన్ను తీసి బల్ల మీద పెట్టాడు, ఆవిడ మొహంలోకి చూడలేదు.

"ఇది పోయిన జూన్‌లో రాయించుకున్నారు కదండీ, అందరి దగ్గరా రాయించుకున్నట్టే!"

"తేదీ చూడమ్మా. సంతకం నీదే కదా? రాత నీదే కదా?"

ఆవిడ నన్ను చూసింది. గొంతు పెంచుతుందనుకున్నాను. పెంచలేదు. కన్నీళ్ళు వచ్చాయి, అవీ కిందికి జారలేదు. బిడ్డని ఇంకో భుజం మీదికి మార్చుకుని, "నాకు దీని జిరాక్సు ఒకటి ఇప్పిస్తారా?" అంది.

"ఒకటేం, రెండు తీసుకో. మస్తానూ, ఇప్పించు," అన్నారు చెంచురామయ్య గారు. కాగితం గట్టిగా ఉందన్న ధీమా మనుషులని ఎంత ఉదారంగా చేస్తుందో!

మస్తాన్‌వలీయే ఎదురు కొట్టుకి వెళ్ళి జిరాక్సు తీయించి తెచ్చాడు. ఆవిడ చేతికి ఇస్తూ, ఎవరికీ వినపడనంత మెల్లగా, "పైన ఒకసారి, కింద ఒకసారి చదవండమ్మా. తీరిగ్గా," అన్నాడు. నన్ను మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

ఆ జిరాక్సు ఆవిడతో ఇంటికి వెళ్ళింది. మాల్యాద్రి కోపంతో ఊగిపోయాడట. "పద, ఆయన గేటు ముందే కూచుందాం. ఊరంతా చూస్తుంది," అన్నాడట. ఆవిడ వినిపించుకోలేదు. బిడ్డని ఉయ్యాల్లో వేసి, కాళ్ళ మీద ఆ కాగితం పరుచుకుని, లెక్క తప్పు ఎక్కడుందో వెతికినట్టు ఒక్కొక్క మాటే చదువుకుంటూ పోయింది. ఉన్నట్టుండి చదవడం ఆపింది.

"ఏవండీ, పాపని ఆపరేషన్ చేసి తీసింది ఎన్నింటికి?"

"పదీ పది. నర్సమ్మ వచ్చి చెప్పింది గదా. ఎందుకు?"

"నన్ను లోపలికి తీసికెళ్ళింది?"

"తొమ్మిదిన్నర అయ్యుంటుంది. ఏమైంది శేషూ?"

ఆవిడ కాగితం అతని చేతికిచ్చింది. అతను రెండు సార్లు చదివాడు. తర్వాత పగలబడి నవ్వాడు. బిడ్డ లేచి ఏడుపందుకుంది. ఆవిడ కూడా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుందట.

మర్నాడే ఆవిడ ఆసుపత్రి నుంచి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, పాప జనన ధ్రువపత్రం, నా జిరాక్సు, తన సెలవు దరఖాస్తు నకలు నాలుగూ ఒక కవరులో పెట్టుకుని డిప్యూటీ విద్యాశాఖాధికారి ఆఫీసుకి వెళ్ళింది. ఆ అధికారి పేరు సులోచన గారు. మిషన్ బళ్ళో టీచరుగా మొదలుపెట్టి పైకొచ్చిన మనిషి. నాలుగు కాగితాలూ చదివి, "మీరు ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండమ్మా. నేనే వస్తాను," అన్నారట.

జూలై మొదటి వారంలో వచ్చారు కూడా. చెంచురామయ్య గారు తన కుర్చీ ఇవ్వబోయారు. ఆవిడ వద్దని ఎదురుగా ఉన్న మామూలు కుర్చీలోనే కూర్చున్నారు. శేషుకుమారినీ పిలిపించారు. మస్తాన్‌వలీ గోడ పక్కన నిలబడ్డాడు. నన్ను, తపాలా రిజిస్టరునీ బల్ల మీద పెట్టారు. నా జీవితంలో అంత వెలుతురు అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"ఈ రాజీనామా మీకెప్పుడు అందిందండీ?" సులోచన గారు అడిగారు.

"ఏప్రిల్ ఇరవై మూడున మేడమ్. రిజిస్టరులో ఎక్కింది, చూడండి."

"ఎవరు తెచ్చిచ్చారు?"

"ఆవిడే. స్వయంగా."

"మీ చేతికేనా?"

"నా చేతికే మేడమ్."

"ఎన్నింటికి?"

"పదింటికి. అందులో రాసే ఉంది గదా!"

సులోచన గారు నా పక్కన డిశ్చార్జి కాగితం పెట్టి, దాన్ని ఒక వేలితో ఆయన వైపు జరిపారు. "ఆ పదింటికి ఈవిడ ఏరియా ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నారు. పదీ పదికి ఆడపిల్ల పుట్టింది. మరి మీ ఆఫీసుకి పూర్తి ఆరోగ్యంతో వచ్చినావిడ ఎవరండీ?"

పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నేను గాలికి ఎగరకుండా నా మీద పేపరువెయిటు పెట్టారు గానీ, ఆ క్షణాన అది లేకపోయినా నేను కదిలేదాన్ని కాదు. చెంచురామయ్య గారు డిశ్చార్జి కాగితం చదివారు, నన్ను చదివారు, మళ్ళీ అది చదివారు. పద్నాలుగేళ్ళ అలవాటు కొద్దీ మస్తాన్‌వలీ వైపు చూశారు, ఏదైనా చెప్పి గట్టెక్కిస్తాడేమోనని. ఆ రోజు తాను పది గంటలకి హైదరాబాదులో ఉన్నానన్న సంగతి కూడా అప్పుడు గుర్తొచ్చినట్టుంది. చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేశారు.

"గుమాస్తా గారూ, మీరు చెప్పండి," అన్నారు సులోచన గారు. "ఇది ఎక్కించింది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఆవిడ ఆ రోజు వచ్చి ఇచ్చారా?"

మస్తాన్‌వలీ కొంచెం ముందుకు వచ్చాడు. "లేదమ్మా. అంతకు ముందు జూన్‌లో రాయించుకున్నాం. మేలో ఏప్రిల్ తేదీ కింద ఎక్కించమన్నారు. ఎక్కించాను."

"ఆ రోజు ఈవిడకి కాన్పు అయిందని మీకు తెలియదా?"

"తెలుసమ్మా. మర్నాడు మైసూరుపాకు తిన్నాను. రెండు ముక్కలు."

"తెలిసి మీ సారుకి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కాగితం మార్చేస్తారనమ్మా."

శేషుకుమారి అప్పుడు తలెత్తి ఆయన వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. దాని గురించి ఏం రాసినా తక్కువే.

తర్వాత బీరువా తెరిపించారు. అక్కడ నా వెనక కొత్త ఏడాది కట్ట ఉంది, ఇరవై ఒక్క మంది, అందరూ వచ్చే ఏప్రిల్ ఇరవై మూడున, పూర్తి ఆరోగ్యంతో, ఉదయం పది గంటలకు, ఒకే సమయానికి ఒకే గుమ్మంలోంచి స్వయంగా వచ్చి మానేయబోతున్నారు. సులోచన గారు ఒక్కొక్కటే చదువుతూ నవ్వాపుకున్నారు. అధికారులు నవ్వాపుకుంటే ఎదుటివాళ్ళకి తిట్టినదాని కంటే ఎక్కువ తగులుతుంది.

"మేడమ్," అన్నారు చెంచురామయ్య గారు, గొంతు బాగా తగ్గించి. "బడి నడిపేవాడి కష్టం నాది. మధ్యలో వదిలేసి పోతారనే భయం."

"పోయేవాళ్ళు ఈ కాగితం ఉందని ఆగరండీ. ఉందామనుకునే వాళ్ళే దీన్ని చూసి భయపడుతూ బతుకుతున్నారు."

నిజం చెప్పాలంటే ఆయన మొహంలో కూడా ఒక బరువు దిగినట్టే కనిపించింది నాకు. పదేళ్ళుగా కాగితాలని కాపలా కాయడం కూడా తేలికపాటి పని కాదు.

సాయంత్రం లోపల ఆ ఇరవై ఒక్క ఉత్తరాలనీ రాసినవాళ్ళ చేతులకే ఇప్పించేశారు. వాటితోపాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా. స్టాఫ్ రూములో కాగితాలు చింపుతున్న చప్పుడు ఆఫీసు దాకా వినపడింది. హిందీ టీచరు తనది చింపకుండా, పడవ చేసి కిటికీలోంచి వాన నీళ్ళలోకి వదిలిందట. శేషుకుమారికి సెలవు మంజూరు చేస్తూ ఆగస్టు ఒకటిన చేరవలసిందిగా కాగితం రాసింది మస్తాన్‌వలీయే. రాశాక, తేదీ వేయకముందు, గోడ మీద క్యాలెండరు వైపు తిరిగి ఆ రోజు తారీఖు రెండు సార్లు చూసుకున్నాడు.

ఆవిడ ఆ కాగితం తీసుకుని, "మస్తాన్ గారూ..." అని ఆగిపోయింది.

"పాప ఆకలికి ఏడుస్తోందమ్మా, వెళ్ళండి," అన్నాడు ఆయన.

నన్ను మాత్రం తిరిగి ఇవ్వలేదు. చింపేస్తారేమోనని నేను సిద్ధపడే ఉన్నాను. విచారణ జరిగిన కాగితాన్ని కాబట్టి సులోచన గారు నా మూలన నంబరు వేసి, నా జిరాక్సునీ, డిశ్చార్జి కాగితం నకలునీ నాతో కలిపి కుట్టించి తన ఆఫీసుకి తీసుకెళ్ళారు. అలా నేనూ నా జిరాక్సూ ఒక ఫైలులో పక్కపక్కన చేరాం. అది ఊరంతా తిరిగొచ్చింది, నేను బీరువాలో మగ్గినదాన్ని. దాని కబుర్లకి అంతు లేదు.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం మా ఫైలు దించారు. దుమ్ము దులిపిన మనిషి ఓబులేసు, ఆ ఆఫీసు రికార్డు గుమాస్తా. శేషుకుమారికి డీఎస్సీలో గవర్నమెంటు టీచరు ఉద్యోగం వచ్చింది. ఆవిడ పేరు మీద పాత కేసు ఏదైనా మిగిలి ఉందేమో చూడమన్నారు. ఆవిడ బల్లకి అవతల నిలబడి ఉంది, కొంచెం ఒళ్ళు చేసింది. పక్కన రెండేళ్ళ పిల్ల ఓబులేసు స్టాంపు ప్యాడు మీద వేళ్ళు అద్దుతోంది.

"ఇదేందమ్మా, మీ రాజీనామా రెండున్నాయి?" అన్నాడు ఓబులేసు.

ఆవిడ తెచ్చిన కాగితాల్లోంచి ఒక కొత్త కాగితం తీసి నా పక్కన పెట్టాడు. అదే గుండ్రటి రాత. మూడే వాక్యాలు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది కనుక మానేస్తున్నానని, ఇన్నేళ్ళు అవకాశమిచ్చినందుకు కృతజ్ఞతలని, పదో తరగతి సిలబసు ఎంతవరకు అయిందో జత చేస్తున్నానని. ఆరోగ్యం గురించి గానీ ఒత్తిడి గురించి గానీ ఒక్క మాట లేదు. అవి నిజంగా లేనప్పుడు రాయక్కర్లేదు కాబోలు. నేనూ రాజీనామానే, అదీ రాజీనామానే. దాన్ని చూశాక గానీ రాజీనామా అంటే ఇలా ఉంటుందని నాకు తెలియలేదు.

"పాతది చెల్లదండీ. అదంతా ఒక కథ," అంది ఆవిడ.

"మీ బళ్ళో గుమాస్తా ఉండేవాడే, సాయిబు గారు. విచారణలో ఆయన మాటలు ఇందులో రాసున్నాయి. ఆయన్ని ఉంచారా, పంపించేశారా?"

"విచారణ మర్నాడు ఎలాగూ పంపించేస్తారని ఆయన అన్నం క్యారేజీ కూడా తెచ్చుకోలేదంట. మధ్యాహ్నమయ్యాక మా కరస్పాండెంటు గారే, నీ క్యారేజీ ఏదయ్యా అని అడిగారంట. లేదంటే తన క్యారేజీలో సగం ఇచ్చారంట. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోకుండా తిన్నారంట. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నాకు రిలీవింగ్ ఆర్డరు రాసిచ్చింది ఆయనే."

ఓబులేసు తల ఊపాడు. ఆవిడ కాగితాలు చూసి, స్టాంపు వేసి, సంతకం చేయించుకుని పంపించాడు. పిల్ల నీలం వేళ్ళతో తల్లి చీర పట్టుకుని వెళ్ళింది. గుమ్మం దాటేదాకా ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. నాకేమీ బాధనిపించలేదు. ఆవిడ నన్ను మరిచిపోవడమే నాకు కావలసింది.

వాళ్ళు వెళ్ళాక ఓబులేసు మా ఫైలు మూసి, అట్ట మీద 'చర్య ముగిసినది' అని రాశాడు. ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది, ముగిసిన ఫైలు మీద దాన్ని ఏ సంవత్సరం తర్వాత తగలబెట్టవచ్చో కూడా ముందే రాస్తారు. అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, '2016 తర్వాత నాశనం చేయవచ్చును' అని ఎర్ర సిరాతో రాశాడు. ఇంకోసారి నా మీద రాబోయే తేదీ పడింది. కాకపోతే ఈసారి అది ఎవరి ఉద్యోగానికీ సంబంధించింది కాదు, పూర్తిగా నా సొంత వ్యవహారం.

ఆ సంవత్సరం వచ్చింది, వెళ్ళింది. తర్వాత చాలా సంవత్సరాలు వెళ్ళాయి. ఓబులేసు రిటైరయ్యాడు. ఎవరూ రాలేదు. కట్ట విప్పలేదు. పై అరలో చల్లగా ఉంటుంది, కిటికీలోంచి కాస్త ఎండ కూడా పడుతుంది. మొదట్లో అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు పక్కనున్న జిరాక్సు ఏదో చెబుతూంటే సగం వింటూ, సగం నిద్రపోతూ ఉంటాను.